ఒకటి నుంచి ఐదు దాకా: సర్వే స్కేళ్ల మీద అపోహలు, వాస్తవాలు

ప్రాజెక్టుల సీజనొస్తే చాలు, విశాఖలో వాట్సాప్ గ్రూపులు గూగుల్ ఫారాలతో నిండిపోతాయి. ఆర్‌కే బీచ్ శుభ్రత మీద ఒకటి, రైతు బజారు ధరల మీద ఒకటి, సిటీ బస్సుల మీద ఒకటి. విషయం ఏదైనా కింద ఆప్షన్లు మాత్రం అవే: ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా ఐదు. ప్రశ్న రాయకముందే స్కేలు ఖాయమైపోయి ఉంటుంది. అసలు గొడవంతా అక్కడే.

నా పని ప్రశ్నావళులు రాయడం, వాటితో ఇంటింటికీ వెళ్లే ఎన్యూమరేటర్లకి ట్రైనింగ్ ఇవ్వడం. ఆ ట్రైనింగుల్లోనూ, వైవాకి రెండ్రోజుల ముందు కంగారుగా ఫోన్ చేసే విద్యార్థుల నోటా తరచూ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: ఐదు ఆప్షన్లు పెడితే అది లైకర్ట్ స్కేలే.

వాస్తవం: అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించింది ఒక ప్రశ్న కాదు. ఒకే విషయాన్ని రకరకాల వైపుల నుంచి తడిమే వాక్యాల గుత్తి అది. ఒక్కో వాక్యానికి వచ్చిన మార్కులన్నీ కలిపితే తేలే మొత్తమే ఆ మనిషి వైఖరికి కొలత. అంతకుముందు, 1920ల చివర్లో, థర్‌స్టన్ అనే మరో మనస్తత్వవేత్త చూపిన దారి వేరు. వాక్యాలు రాసి, వాటిని కొందరు నిర్ణేతల చేత అనుకూలం నుంచి ప్రతికూలం దాకా 11 కుప్పలుగా వేయించి, ఏ వాక్యానికి ఎంత విలువో తేల్చాక గానీ జనం దగ్గరికి వెళ్లేవారు కాదు. గట్టి పద్ధతే, కానీ చచ్చేంత చాకిరీ. ఆ నిర్ణేతలు లేకుండానే పని నడుస్తుందని లైకర్ట్ చూపించాడు. ఆయన పద్ధతి ఊరూరా పాకడానికి పెద్ద కారణం ఆ సులువే.

కాబట్టి మీ ఫారంలో విడిగా ఉన్న ఐదు ఆప్షన్ల ప్రశ్న వట్టి రేటింగ్ ప్రశ్న. దాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ‘ఈ ఒక్క ప్రశ్నకి క్రాన్‌బాక్ ఆల్ఫా ఎలా తీయాలండీ’ అని అడగొద్దు, తీయలేం. 1951లో క్రాన్‌బాక్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఆ లెక్క, వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పేది. ఒక్క వాక్యం ఎవరితో కలిసి నడుస్తుంది? అలాగని ఆల్ఫా 0.9 దాటిందని సంబరపడక్కర్లేదు. ఒకే వాక్యాన్ని మాటలు మార్చి ఆరుసార్లు అడిగినా ఆల్ఫా అలాగే పెరుగుతుంది. ‘ఏటి బాబూ, ఇందాకా అడిగిందే కదా’ అని జవాబిచ్చేవాళ్లు అన్నారంటే ఆ ఆల్ఫాని అనుమానించాలి.

అపోహ: ‘అంగీకరిస్తాను, అంగీకరించను’ ఏ విషయానికైనా సరిపోతుంది.

వాస్తవం: నన్నడిగితే మన సర్వేలను ఎక్కువగా పాడుచేస్తున్నది ఇదే. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒకమ్మాయి గోపాలపట్నంలో ఒక ఇంటి వరండాలో కూర్చుని ‘మా వార్డులో తాగునీటి సరఫరా బాగుంది’ అని చదివిందనుకోండి. ఇంటావిడ దృష్టిలో ఆ అమ్మాయి ఎవరో ఆఫీసు మనిషి. పైగా ఇంటికొచ్చిన మనిషి, ఎండలో పడొచ్చింది, మంచినీళ్లు కూడా ఇచ్చారు. అలాంటి మనిషి చదివిన వాక్యాన్ని కాదనడం మర్యాద కాదు. ‘అవునమ్మా, బానే ఉంది, నీకేది మంచిదనిపిస్తే అదే రాసీ’ అంటారు. అదే ఇంట్లో మర్నాడు ‘తాగునీటి సరఫరా సరిగ్గా లేదు’ అని చదివితే దానికీ ‘అవునమ్మా’ వచ్చే అవకాశం ఉంది. ఏది చెప్పినా తలూపే ఈ ధోరణి మన దగ్గరే పుట్టింది కాదు, చాలా దేశాల సర్వేల్లోనూ పట్టుబడింది.

దీనికి పాఠ్యపుస్తకాలు చెప్పే మందు, సగం వాక్యాలను అనుకూలంగా, సగం ప్రతికూలంగా రాయడం. రెండు రకాల వాక్యాలకీ తలూపితే లెక్కలో రెండూ కొట్టుకుపోతాయని ఆశ. కాగితం మీద బాగుంటుంది గానీ తెలుగులో నోటితో అడిగేటప్పుడు ఇది ఎలా బెడిసికొడుతుందో చూడండి. ‘మా వీధికి చెత్త బండి రోజూ రాదు’ అని చదివారు. ఒకావిడ ‘లేదు బాబూ’ అంది, అంటే బండి రావడం లేదని. పక్కింటావిడా ‘లేదు బాబూ’ అనే అంది, అంటే మీరన్నది నిజం కాదు, రోజూ వస్తుందని. మొదటావిడ అంగీకరించినట్టు, రెండో ఆవిడ అంగీకరించనట్టు. ఎన్యూమరేటర్ చెవికి ఇద్దరిదీ ఒకే మాట. చెయ్యి చురుగ్గా ఆడేవాళ్లు ఇద్దరికీ ఒకే గడిలో టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. తర్వాత ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఆ తప్పు బయటపడదు.

ఇంకో చిక్కు. ‘మా స్టాపుకి సిటీ బస్సు సమయానికి వస్తుంది’ అన్నదానికి ‘అంగీకరించను’ అంటే ఏమనుకోవాలి? ఆలస్యంగా వస్తుందనా, ముందే వెళ్లిపోతుందనా, అసలు రాదనా?

వాక్యం చదివి ఒప్పుకుంటారా అని అడిగే బదులు విషయాన్నే సూటిగా అడగొచ్చు, జవాబుల్లోనూ ఆ విషయాన్నే పెట్టొచ్చు. ‘గత వారం మీరెక్కిన బస్సుల్లో ఆలస్యంగా వచ్చినవి ఎన్ని? అన్నీ, చాలావరకు, కొన్ని, ఒక్కటీ లేదు.’ ‘తాగునీటి సరఫరాతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?’ ‘మీ కార్పొరేటర్ మీద మీకు ఎంత నమ్మకం ఉంది?’ యూరోపియన్ సోషల్ సర్వేలో ఒకే విషయాన్ని ఈ రెండు రకాలుగా అడిగి చూసిన ప్రయోగాలను సారిస్, రెవిల్లా, క్రాస్నిక్, షేఫర్ 2010లో ప్రచురించారు. సూటిగా అడిగిన ప్రశ్నల నాణ్యతే మెరుగ్గా తేలింది. అంగీకార స్కేలు రాయడం ఎందుకంత తేలికో తెలుసా? ఇరవై వాక్యాలకీ ఒకే ఆప్షన్ల వరుస సరిపోతుంది, టేబుల్ చక్కగా కుదురుతుంది. సుఖం మనకి, కష్టం జవాబిచ్చేవాళ్లకి.

అపోహ: స్కేలులో పాయింట్లు, అంటే ఆప్షన్లు, ఎంత పెంచితే కొలత అంత ఖచ్చితం.

వాస్తవం: కొంతవరకే. ప్రెస్టన్, కోల్మన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో 149 మంది చేత 2 పాయింట్ల నుంచి 101 పాయింట్ల దాకా రకరకాల స్కేళ్ల మీద రేటింగులు ఇప్పించారు. 2, 3, 4 పాయింట్ల స్కేళ్లు వెనకబడ్డాయి. ఏడు దాకా పెంచుతూ పోతే ఫలితం మెరుగైంది. పది దాటాక, మళ్లీ అడిగితే అదే జవాబు రావడం తగ్గుతూ వచ్చింది. జవాబిచ్చినవాళ్లకి ఎక్కువగా నచ్చింది 10 పాయింట్లది, ఆ వెంటే 7, 9.

సరే, అయితే ఏడు పెట్టేద్దామా? కాగితం మీద, కళ్లముందు కనిపించేలా అయితే పెట్టొచ్చు. ఫోన్‌లో ఏడు ఆప్షన్లు చదివి వినిపిస్తే అవతలివాళ్లకి చివరి రెండే గుర్తుంటాయి. అక్కడ ప్రశ్నను రెండుగా విరవడం మేలు. ముందు ‘సంతృప్తిగా ఉన్నారా, అసంతృప్తిగా ఉన్నారా, రెండూ కాదా?’ అని అడగండి. సంతృప్తి అన్నాక ‘చాలానా, ఒక మోస్తరుగానా, కొద్దిగానా?’ అనండి. చివరికి చేతికొచ్చేది ఏడు పాయింట్లే, అడిగినప్పుడు మాత్రం ఒకసారికి మూడే. ఇలా విరిచి అడిగినా, ప్రతి పాయింటుకీ అంకె బదులు మాటలు పెట్టినా జవాబుల్లో నిలకడ పెరుగుతుందని క్రాస్నిక్, బెరెంట్ 1993లో చూపించారు. మధురవాడ అపార్ట్‌మెంట్ల నుంచి భీమిలి పల్లెల దాకా ఫోన్ సర్వేలకి నేను వాడేది ఈ పద్ధతే.

అపోహ: మధ్య ఆప్షన్ తీసేస్తే జనం అసలు అభిప్రాయం బయటపెడతారు.

వాస్తవం: ఉన్న అభిప్రాయం దాచుకున్నవాళ్లకైతే ఆ మాట కొంత నిజం కావచ్చు. అసలు అభిప్రాయమే లేనివాళ్ల సంగతేంటి? వాళ్లు మొహమాటానికి ఏదో ఒకటి చెప్తారు. అమెరికాలోని సిన్సినాటిలో జార్జ్ బిషప్ బృందం ‘1975 ప్రజా వ్యవహారాల చట్టం’ రద్దు చేయాలా వద్దా అని జనాన్ని అడిగింది. అలాంటి చట్టమే లేదు, పరిశోధకులు కల్పించారు. అయినా దాదాపు మూడో వంతు మంది తమ అభిప్రాయం చెప్పారు! 1980లో అచ్చైన ఈ ఫలితాన్ని నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, ప్రతి బ్యాచ్ నవ్వుతుంది, ఆ తర్వాత ఫీల్డుకెళ్లి ‘తెలియదు’ అన్న ప్రతివాళ్లనీ ‘ఏదో ఒకటి చెప్పండమ్మా’ అని బతిమాలుతుంది.

మధ్య గడి, ‘తెలియదు’ గడి రెండూ వేర్వేరుగా ఉండాలి. అన్నీ తూచి నడుమన నిలబడ్డ మనిషి వేరు, ఆ సంగతే వినని మనిషి వేరు. ఇద్దరినీ 3లో పడేస్తే సగటు ఎంచక్కా మధ్యకి వచ్చి కూర్చుంటుంది, ‘ప్రజలు తటస్థంగా ఉన్నారు’ అని రిపోర్టు రాసేస్తారు. ‘తెలియదు’ గడిని చదివి వినిపించాలా, వాళ్లంతట వాళ్లంటేనే టిక్ పెట్టాలా అన్నది విషయాన్ని బట్టి. కొత్త పథకం గురించైతే అంతకంటే ముందు ‘దీని గురించి విన్నారా?’ అని అడగడమే సరి.

అపోహ: ఏ స్కేలైనా ఒకటే, ఐదుకి వచ్చింది పదికి మార్చుకుంటే సరి.

వాస్తవం: ముందు లెక్క సంగతి. చాలామంది రెండుతో గుణించేస్తారు. 1–5 స్కేలులో నడిమిది 3, దాన్ని రెండింతలు చేస్తే 6. 0–10 స్కేలులో నడిమిది 5. అక్కడే తేడా కొట్టేసింది. ఒకటి తీసేసి, నాలుగుతో భాగించి, పదితో గుణిస్తే 3 వెళ్లి 5 మీద కూర్చుంటుంది.

లెక్క సరిగ్గా చేసినా జనం అలా మారరు. నార్బర్ట్ ష్వార్జ్ బృందం 1991లో ప్రచురించిన జర్మనీ అధ్యయనంలో ‘జీవితంలో ఎంతవరకు విజయం సాధించారు?’ అని అడిగారు. కొందరికి 0 నుంచి 10 స్కేలు, కొందరికి −5 నుంచి +5. రెంటిలోనూ పదకొండే మెట్లు, చివర్ల రాసిన మాటలూ అవే. 0–10లో కింది సగాన్ని, అంటే 0 నుంచి 5 దాకా ఏదో ఒకటి, ఎంచుకున్నవాళ్లు 34 శాతం. రెండోదాంట్లో అదే కింది సగాన్ని ఎంచుకున్నవాళ్లు 13 శాతమే. సున్నా అంటే ‘విజయం లేదు’ అనుకున్నారు, మైనస్ ఐదు అంటే ‘ఓడిపోయాను’ అనుకున్నారు. పోయినేడు ఒక స్కేలు, ఈ ఏడు ఇంకో స్కేలు వాడి ‘సంతృప్తి పెరిగింది’ అని పోస్టర్లు వేసేవాళ్లు దీన్ని గోడకి అంటించుకోవాలి.

‘మమ్మల్ని మీ స్నేహితులకి సిఫార్సు చేస్తారా, 0 నుంచి 10లో చెప్పండి’ అనే ప్రశ్నకీ ఇక్కడే చిక్కొస్తుంది. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోరు అది. 9, 10 ఇచ్చినవాళ్లు అభిమానులు. 7, 8 లెక్కలోకి రారు. 0 నుంచి 6 దాకా అందరూ విమర్శకులు. మొదటివాళ్ల శాతంలోంచి చివరివాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. మన దగ్గర 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్ అని వింటూ పెరిగిన మనిషి పదికి ఆరు ఇచ్చాడంటే మెచ్చుకున్నట్టే లెక్క. ఈ స్కోరు ఆయన్ని సున్నా ఇచ్చినవాడి పక్కన నిలబెడుతుంది. స్కోరు వాడొద్దనను. కానీ దాంతో పాటు 0 నుంచి 10 దాకా ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో ఆ బొమ్మ కూడా ఇవ్వండి. ఇక ప్రభుత్వాసుపత్రి ఓపీ లైనులో ఉన్నవాళ్లని ‘స్నేహితులకి సిఫార్సు చేస్తారా’ అని అడగడం మాత్రం మానేయండి. ఇంకో ఆసుపత్రికి వెళ్లే స్తోమత లేనివాళ్లకి ఆ ప్రశ్నకి అర్థమే లేదు.

అపోహ: రేటింగుల మీద సగటు తీయడం తప్పు.

వాస్తవం: 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వవేత్త కొలతలను నాలుగు తరగతులుగా విడగొట్టి, వరుస మాత్రమే చెప్పే అంకెలు వేరు, సమాన దూరాలున్న అంకెలు వేరు అన్న దగ్గర్నుంచి ఈ తగవు తెగలేదు. 1కీ 2కీ మధ్య దూరం, 4కీ 5కీ మధ్య దూరం సమానమని ఒక్క ప్రశ్న విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. చాలా వాక్యాల మొత్తమైతే సగటు తీయడానికి నాకు అభ్యంతరం లేదు. విడి ప్రశ్నైతే ముందు శాతాలు చూపించండి. సగం మంది 1, సగం మంది 5 అన్నా సగటు 3 వస్తుంది, అందరూ 3 అన్నా 3 వస్తుంది.

అపోహ: చదువురానివాళ్లకి స్మైలీ బొమ్మలు పెడితే చాలు.

వాస్తవం: బొమ్మ కూడా చదవాల్సిందే. నవ్వు మొహం అంటే ‘నేను సంతోషంగా ఉన్నాను’ అనుకుంటారా, ‘ఆ సేవ బాగుంది’ అనుకుంటారా అన్నది ముందే పరీక్షించి చూడాలి. పెద్దవాళ్ల దగ్గర నాకు ఎక్కువ పనికొచ్చింది నిచ్చెన. హాడ్లీ కాంట్రిల్ 1965లో పరిచయం చేసిన ఆ నిచ్చెనకి కింద 0, పైన 10. తమ జీవితం ఏ మెట్టు మీద ఉందో జవాబిచ్చేవాళ్లు చూపిస్తారు. ఏటేటా వచ్చే ప్రపంచ ఆనంద నివేదికలో దేశాల ర్యాంకులు ఈ నిచ్చెన జవాబుల మీదే ఆధారపడతాయి. షో కార్డు (జవాబులు చూపించే అట్ట) మీద గీసి వాళ్ల చేతికే ఇవ్వండి, పైమెట్టు అంటే ఏమిటో, కిందిమెట్టు అంటే ఏమిటో వాళ్ల మాటల్లోనే చెప్పించండి, ఆ తర్వాత వేలు పెట్టమనండి. కార్డు ఎన్యూమరేటర్ చేతిలో ఉంటే వేలు ఎన్యూమరేటర్‌దే అవుతుంది.

అపోహ: స్కేలు మంచిదైతే మనిషి ఏం చేస్తాడో ముందే తెలిసిపోతుంది.

వాస్తవం: 1934లో లాపియర్ అనే సామాజికశాస్త్రవేత్త ఒక చైనా జంటతో కలిసి అమెరికా అంతా తిరిగిన వైనం రాశాడు. చైనావాళ్ల మీద వివక్ష గట్టిగా ఉన్న రోజులవి. 251 హోటళ్లు, రెస్టారెంట్లలో వాళ్లని కాదన్నది ఒక్కచోటే. ఆరు నెలల తర్వాత ‘చైనావాళ్లని రానిస్తారా?’ అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 చోట్లలో నూటికి తొంభైకి పైగా రానివ్వమన్నారు. జవాబు రాసినవాళ్లూ గుమ్మంలో ఆహ్వానించినవాళ్లూ ఒకరే కాకపోవచ్చు, ఆ విమర్శ ఉంది. అయినా మాటకీ చేతకీ ఉన్న ఎడం తెలియడానికి ఇది చాలు.

ఆ ఎడాన్ని తగ్గించే దారి 1977లో ఐజెన్, ఫిష్‌బైన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు: చేతను ఎంత నిర్దిష్టంగా చూస్తున్నారో వైఖరినీ అంత నిర్దిష్టంగా అడగండి. ‘పర్యావరణం ముఖ్యమా?’ అంటే విశాఖలో కాదనేవాళ్లు దొరకరు. ‘వచ్చే వారం రోజులూ తడి చెత్త, పొడి చెత్త వేర్వేరు బకెట్లలో బండికి ఇవ్వడం మీకు ఎంత సులువు?’ అని అడిగితే జవాబులు విడివడతాయి. ఆ ప్రశ్న పక్కనే, ఇంటి ముందు ఎన్ని బకెట్లు కనిపించాయో ఎన్యూమరేటర్ చూసి రాసుకునే గడి కూడా ఒకటి పెట్టండి.