ఢిల్లీ/కరాచీ అని రాసుంటే తాతగారు కరాచీలో పోయినట్టు కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇది మూడో ఫోను. గాజువాక నుంచి ఒకబ్బాయి, "సార్, మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో కరాచీలో చనిపోయారంట, నెట్‌లో చూశాం, పాకిస్తాన్ నుంచి డెత్ సర్టిఫికెట్ తెప్పిస్తానని ఒకాయన నలభై వేలు అడుగుతున్నాడు, ఇచ్చేయమంటారా" అని. ఇవ్వొద్దు బాబూ. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

నేను నేవీలో రైటర్‌గా (అంటే గుమస్తా పని) చేసి రిటైరయ్యాను, సర్వీసంతా రికార్డుల మధ్యే గడిచింది, ఇప్పుడు ఆ అలవాటుతోనే ఇలా వచ్చినవాళ్ళకి కాగితాలు వెతికిపెడుతున్నాను. చూసిన వాటిల్లో మనుషుల్ని ఎక్కువ ముంచుతున్న అపోహ ఇదే, పేరు ఎక్కడుంటే ప్రాణం అక్కడే పోయింది అనుకోవడం.

యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు, సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో (సీడబ్ల్యూజీసీ అంటాం) పేరు కొడితే మన పాత సిపాయిల్లో చాలామందికి "ఢిల్లీ/కరాచీ 1939-1945 వార్ మెమోరియల్స్" అని వస్తుంది. అది చనిపోయిన ఊరు కాదు. అప్పటికి దేశం ఒక్కటే, యుద్ధం అయ్యాక రెండు దేశాలయ్యాయి, అందుకని అవే పేర్లతో ఢిల్లీలో ఒక స్మారకం, కరాచీలో ఒక స్మారకం పెట్టారు. పాతిక వేలకి పైగా పేర్లున్నాయి అందులో. ఎవరివయ్యా అంటే ఎక్కువగా పోరు జరగని ప్రాంతాల్లో, అంటే ట్రైనింగ్ సెంటర్‌లోనో, మిలటరీ హాస్పిటల్‌లోనో, డిపోలోనో పోయినవాళ్ళవి. మీ తాతగారు పూనాలో పోయుండొచ్చు, రాంచీలో పోయుండొచ్చు. కరాచీకి ఆయన జన్మలో వెళ్ళుండకపోవచ్చు.

రంగూన్ మెమోరియల్ కూడా అంతే. అది రంగూన్ పక్కన టాక్యాన్ శ్మశానంలో ఉంది, స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లు, అన్నీ బర్మా పోరులో పోయి సమాధి ఎక్కడుందో తెలియనివాళ్ళవి. "సమాధి దగ్గర మట్టి తెచ్చిస్తాం" అని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. సింగపూర్ క్రాంజీలో గోడల మీదా అంతే, సుమారు 24,000 పేర్లు, మలయాలో పోయినవాళ్ళు, ఖైదీలుగా ఉండి పోయినవాళ్ళు, సముద్రంలో పోయినవాళ్ళు అందరూ ఉన్నారు. పైగా మన హిందూ సిపాయిల్ని దహనం చేసేవారు కాబట్టి సమాధి లేకపోవడం సహజం, "దిక్కులేని చావు పోయాడు" అని కుమిలిపోనక్కర్లేదు.

భీమిలి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు నా దగ్గరికి, ఎనభై దాటాయి, తండ్రి పోయేనాటికి ఆవిడ చంటిపిల్ల. ఫోటో లేదు, ఉత్తరం లేదు. చీర కొంగు ముడిలోంచి ఒక ఇత్తడి నక్షత్రం లాంటిది తీసి బల్ల మీద పెట్టారు. దేవుడి గూట్లో పెట్టుకుని ప్రతి పండక్కీ చింతపండేసి తోముతున్నారంట. వెనక్కి తిప్పితే నున్నగా ఉంది. నా గుండె జారిపోయింది, ఎందుకంటే ఇంగ్లండ్ వాళ్ళ సిపాయిలకి ఆ యుద్ధపు స్టార్ మెడల్స్ పేరు లేకుండానే ఇచ్చారు గానీ మన ఇండియన్ సిపాయిలకి నెంబరు, పేరు వెనకాల కొట్టి ఇచ్చారు, మనకున్న ఆధారం అదొక్కటే. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి, పల్చటి కాగితం వేసి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కోటీ పైకొచ్చాయి, మొదటిది తప్ప అన్నీ. ఆ అంకెలతో సీడబ్ల్యూజీసీ లో పేరు సరిపోయింది, చనిపోయిన తేదీ 1944లో ఉంది. తర్వాత ఆయన దళం రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాస్తే నాలుగు నెలలకి ఒకే ఒక్క లైను జవాబు, మిలటరీ హాస్పిటల్‌లో మలేరియాతో అని.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మా అయ్య యుద్ధంలో పోనేదా బాబూ?" అన్నారు.

దీని గురించి గట్టిగా చెప్తాను. గుండు తగిలితేనే యుద్ధంలో పోయినట్టు అనేది తప్పు. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో వెనక్కి పంపిన ఒక్కొక్క సిపాయికి జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది అని పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ స్వయంగా రాశాడు. మలేరియా, విరేచనాలు, స్క్రబ్ టైఫస్ (పురుగు కుట్టి వచ్చే జ్వరం). రోడ్లు వేసినవాళ్ళు, లారీలు తోలినవాళ్ళు, బరువులు మోసినవాళ్ళు అందరూ ఆ దోమల్లోనే ఉన్నారు. సర్వీసులో ఉండగా 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు ఏ కారణంతో పోయినా సీడబ్ల్యూజీసీ లెక్కలో అందరూ ఒకటే, జ్వరానికి వేరే లిస్టు లేదు. ఆవిడకి అదే చెప్పాను, యుద్ధంలోనే పోయారమ్మా అని.

పేరు దొరకట్లేదు అనేవాళ్ళలో సగం మంది జిల్లా దగ్గర తప్పుతున్నారు. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి మొన్న 2022లో. యుద్ధం నాటికి ఇదంతా పాత స్పెల్లింగ్‌లో వైజాగపటం జిల్లా, శ్రీకాకుళం టౌను చికాకోల్. ఇంటిపేరు కొట్టకండి, చాలాసార్లు ఉండదు. రాసిన గుమస్తా అరవాయన అయితే అప్పలస్వామి కాస్తా అప్పలసామి అయిపోతాడు, సింహాచలంలో హకారం ఎగిరిపోతుంది. నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి, కింద తండ్రి పేరు, భార్య పేరు, ఊరు రాసుంటే వాటితో సరిచూసుకోండి, నెంబరు కలిస్తే ఇక అనుమానం లేదు. ఆచూకీ తెలియకుండా పోయినవాళ్ళ తేదీ మాత్రం కొన్నిసార్లు ఆఫీసు ఖరారు చేసిన తేదీ, దాన్ని పట్టుకుని ఆ రోజే ఆ ఊళ్ళోనే అనుకోకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇండియా గేట్ మీద వెతకొద్దు, అది మొదటి యుద్ధానిదీ, ఆఫ్ఘన్ యుద్ధానిదీ. మన విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం 1971 యుద్ధానిది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు ఇక్కడ బాంబులేసినప్పుడు పోయిన మామూలు జనం సిపాయిల లిస్టులో ఉండరు. లండన్‌లో రికార్డులన్నీ కాలిపోయాయంటారే, 1940లో కాలినవి మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ సిపాయిల కాగితాలు, మనవాళ్ళవి కాదు. లాహోర్‌లో బయటపడిన రిజిస్టర్లు పంజాబ్ వాళ్ళవి. మెర్చంట్ షిప్పుల్లో పోయిన ఖలాసీల పేర్లు బొంబాయి/చిట్టగాంగ్ స్మారకాల్లో ఉంటాయి, అక్కడ చూడండి. పేరు దొరికితే అయిదెకరాలు వస్తాయనే మాట ఎవరు పుట్టించారో గానీ, దయచేసి దానికోసం అప్పు చేయకండి.

రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం మాత్రం మీరే రాసుకోవచ్చు. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (ఇంజినీరింగ్ దళం) అయితే బెంగళూరు, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి దళం), ఈఎమ్ఈ (యంత్రాల మరమ్మతు దళం) అయితే సికింద్రాబాద్. నెంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, మీకు ఆయన ఏమవుతారో, ఇంతే. స్పీడ్ పోస్టు ఖర్చు. ఒక్కోసారి ఫైలు లేదనే జవాబొస్తుంది, అదీ రాతపూర్వకంగా తీసుకోండి.

భీమిలి అమ్మగారి ఇంట్లో ఇన్నేళ్ళూ తేదీ తెలియక మహాలయ అమావాస్యకే పెట్టేవారంట. ఆ 1944 తేదీ పంతులుగారికి చూపించి తిథి రాయించుకున్నారు. మొన్న కొడుకు ఫోన్ చేశాడు, మెడల్‌కి చింతపండు మానేశాం సార్, గుడ్డతో తుడుస్తున్నాం అని.