పచ్చ దీపం వెలిగితే పని పూర్తయినట్టేనా? ర్యాక్ స్విచ్ అమరికలో అపోహలు - వాస్తవాలు

కళాశాలలు, ఆసుపత్రులు, చిన్నా పెద్దా కార్యాలయాల్లో నెట్‌వర్క్ స్విచ్‌లను (కంప్యూటర్లను, కెమెరాలను కేబుళ్లతో ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలను) ర్యాక్ అనే లోహపు చట్రంలో బిగించి, పనికి సిద్ధం చేసి అప్పగించడం నా వృత్తి. కొత్త స్విచ్ పెట్టిన రోజున ఎవరూ ఫిర్యాదు చేయరు. పోర్టుల మీద పచ్చ దీపాలు వెలుగుతాయి, ఇంటర్నెట్ వస్తుంది, పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. ఫిర్యాదు ఆరు నెలల తరువాత, నడివేసవిలోనో తొలి ఉరుముల వానకో వస్తుంది. అప్పుడు వెతుక్కుంటూ వెళితే దాని కారణం చాలాసార్లు ఆ మొదటి రోజు తొందరలోనే దొరుకుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ల నోట, మాకు పని అప్పగించే సంస్థల వారి నోట నేను తరచుగా వినే నమ్మకాలను, వాటి వెనుక ఉన్న అసలు సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాలుగు స్క్రూలు బిగిస్తే చాలు, ఏ రంధ్రమైనా ఒకటే.

19 అంగుళాల ర్యాక్ అన్నప్పుడు ఆ కొలత పరికరం ముఖపలక వెడల్పుది, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును యూనిట్లలో లెక్కిస్తారు. ఒక యూనిట్ 44.45 మిల్లీమీటర్లు, దానికి మూడు రంధ్రాలు. ఈ రంధ్రాల మధ్య ఎడం అంతటా సమానంగా ఉండదన్న సంగతిని చాలామంది గమనించరు. వరుసగా రెండు ఎడాలు 15.9 మిల్లీమీటర్ల చొప్పున ఉంటే మూడోది 12.7 మిల్లీమీటర్లే ఉంటుంది, మళ్లీ అదే వరుస కొనసాగుతుంది. ఆ చిన్న ఎడం నడుమనే ఒక యూనిట్ ముగిసి మరొకటి మొదలవుతుంది. కేజ్ నట్‌ను (ర్యాక్ రంధ్రంలో కూర్చుని స్క్రూను పట్టుకునే నట్టును) ఒక్క రంధ్రం పైకో కిందికో పెడితే స్విచ్ చెవికి (ర్యాక్‌కు బిగించే పక్క పట్టీకి) ఉన్న రంధ్రాలు వాటికి ఎదురుగా రావు, బలవంతాన బిగిస్తే చెవి వంగుతుంది. ఒకవేళ ఎలాగో కూర్చున్నా, పక్క యూనిట్‌లో మూడో వంతు చోటు పోయి అక్కడ మరే పరికరమూ పట్టదు. అందుకే నేను స్విచ్‌ను పెట్టెలోంచి తీయకముందే ఆ చిన్న ఎడాలను వెతికి, రెండు స్తంభాల మీదా మార్కరుతో గుర్తు పెట్టుకుంటాను.

ముందువైపు చెవుల మీద మాత్రమే ఆనుకుని నిలబడగలిగేది తేలికగా, లోతు తక్కువగా ఉన్న స్విచ్ మాత్రమే. రెండు పవర్ సప్లైలతో, లోతుగా ఉండే స్విచ్‌కు వెనుక స్తంభాల ఆసరా కూడా కావాలి. గోడకు బిగించే చిన్న ర్యాక్ కొనేటప్పుడు స్విచ్ లోతుతో పాటు వెనుక కరెంటు తీగ వంగడానికి కావలసిన చోటును కూడా లెక్కలోకి తీసుకోకపోతే, తలుపు మూయడం కోసం ప్లగ్‌ను నొక్కిపెట్టే పరిస్థితి వస్తుంది.

అపోహ: ఏసీ గదిలో పెట్టాం కాబట్టి వేడి సమస్య ఉండదు.

స్విచ్‌కు గది ఉష్ణోగ్రతతో పని లేదు, అది పీల్చుకునే గాలి ఉష్ణోగ్రతతోనే పని. గోడ మీది ఏసీ 24 డిగ్రీలు చూపిస్తుండగా, అదే గదిలోని ర్యాక్‌లో స్విచ్ గాలి పీల్చుకునే చోట 40 డిగ్రీలు దాటడం నేను కొలిచి చూశాను. కొన్ని స్విచ్‌లు పోర్టుల వైపు నుంచి గాలి తీసుకుని వెనుకకు వదులుతాయి, కొన్ని వెనుక నుంచి తీసుకుని పోర్టుల వైపు వదులుతాయి, మరికొన్ని ఒక పక్క నుంచి మరో పక్కకు వదులుతాయి. వేర్వేరు దిశల స్విచ్‌లను ఒకదాని మీద ఒకటి పెడితే కింది దాని వేడిగాలినే పైది పీల్చుకుంటుంది. పక్కల నుంచి గాలి తీసుకునే స్విచ్‌ను ఇరుకు ర్యాక్‌లో పెట్టి, రెండు పక్కలా కేబుళ్ల కట్టలు దింపితే దానికి ఊపిరి ఆడదు. కొనేటప్పుడే గాలి దిశ అడగాలి. ఖాళీగా మిగిలిన యూనిట్లను పలకలతో మూయాలి, లేకపోతే వెనుక వేడిగాలి ఆ సందుల్లోంచి ముందుకు తిరిగి వస్తుంది.

మన దగ్గర ఇంకొక సంగతి కూడా ఉంది. చాలా సంస్థల్లో సాయంత్రం వెళ్లేటప్పుడు, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఏసీ ఆపేస్తారు. స్విచ్ మాత్రం కెమెరాలకు కరెంటు ఇస్తూ నడుస్తూనే ఉంటుంది. మే నెలలో మూసి ఉన్న గదిలో రెండు రోజుల సెలవు గడిచిన తరువాత సోమవారం ఉదయం లాగ్ (స్విచ్ తనలో రాసుకునే సంఘటనల చిట్టా) తెరిచి చూస్తే, ఉష్ణోగ్రత హెచ్చరికలు వరుసగా కనిపిస్తాయి. ఏసీ వేయలేని రోజుల్లో కనీసం గది గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడిచేలా ఏర్పాటు ఉండాలని నేను పట్టుబడతాను.

దసరాకు ఆయుధ పూజ చేసి పరికరాలకు పసుపు, కుంకుమ పెట్టడం మన ఆచారం, అది నాకూ ఇష్టమే. బొట్టును ర్యాక్ తలుపు మీద పెట్టమని, గాలి రంధ్రాలకు, పోర్టులకు దూరంగా ఉంచమని ముందుగానే చెబుతాను. ఆ సన్నని పొడి ఫ్యాన్ లాక్కునే గాలితో పాటు లోపలికి వెళితే బయటికి రాదు.

అపోహ: మూడు పిన్నుల ప్లగ్ పెట్టాం కాబట్టి ఎర్తింగ్ ఉన్నట్టే.

ఈ ఒక్క అపోహ వల్ల కాలిపోయినన్ని పోర్టులు నా అనుభవంలో మరే కారణం వల్లా కాలిపోలేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక తీగ భూమి దాకా వెళ్లిందని అర్థం కాదు. మల్టీమీటరుతో మూడు కొలతలు తీసుకోవాలి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టుల దగ్గరలో, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఆ మూడో కొలత పదుల వోల్టుల్లో వస్తే అక్కడ స్విచ్ పెట్టె విప్పకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. మన దేశంలో ఎర్తింగ్ పనికి ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది, పని అతను దాని ప్రకారమే చేయాలి.

స్విచ్ ఒంటి మీద ఎర్త్ తీగ కోసం విడిగా ఒక స్క్రూ చోటు ఉంటే, కరెంటు ఇవ్వడానికి ముందే ఆ తీగను బిగించాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర తీయాలి. ర్యాక్ మీద రంగు పూసిన చోట లగ్ (తీగ కొనకు ఉండే లోహపు రింగు) బిగిస్తే రంగు అడ్డుపడుతుంది. అక్కడ రంగు గీకి, లోహానికి లోహం తగిలేలా చూడాలి.

రెండు భవనాలను రాగి కేబుల్‌తో కలపడం ఇదే అపోహకు మరో రూపం. ఒక కళాశాలలో గ్రంథాలయ భవనానికి గోడ వెంట రాగి కేబుల్ లాగి ఉండేది, దూరం 100 మీటర్ల లోపే కాబట్టి నియమం ప్రకారం సరిపోతుందని వారి వాదన. రెండు భవనాల ఎర్తింగ్‌లు వేరు, కాబట్టి దగ్గరలో పిడుగు పడినప్పుడల్లా వాటి మధ్య ఏర్పడే వోల్టేజీ తేడా వల్ల ఆ కేబుల్ గుండా కరెంటు ప్రవహించి రెండు చివర్లా పోర్టులను దెబ్బతీసేది. ఫైబర్ వేసిన తరువాత మళ్లీ ఆ పోర్టు కోసం నేను అక్కడికి వెళ్లవలసిన అవసరం రాలేదు. గాజు తీగ కరెంటును మోయదు. భవనం దాటితే ఫైబరే వేయాలన్నది నా వరకు ఖర్చుతో బేరమాడే విషయం కాదు.

రెండు పవర్ సప్లైల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే, ఆ బోర్డు స్విచ్ ఎవరైనా నొక్కిన క్షణాన రెండూ కలిసే ఆగుతాయి. ఒక్కొక్కటి వేరే దారిన కరెంటు తీసుకోవాలి.

అపోహ: 24 పోర్టుల పీఓఈ స్విచ్ అన్ని పోర్టులకూ నిండుగా కరెంటు ఇస్తుంది.

పీఓఈ అంటే నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే పరికరానికి కరెంటు కూడా ఇవ్వడం. ప్రతి పోర్టు ఇవ్వగలిగింది వేరు, స్విచ్ మొత్తం మీద ఇవ్వగలిగింది వేరు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకు 15.4 వాట్లు, 2009 నాటి 802.3ఏటీ 30 వాట్లు, 2018 నాటి 802.3బీటీ 90 వాట్ల దాకా అనుమతిస్తాయి. కేబుల్‌లో కొంత నష్టపోగా 15.4లో 12.95 వాట్లు, 30లో 25.5 వాట్లు మాత్రమే అవతలి పరికరానికి దక్కుతాయని లెక్క వేసుకోవాలి. మొత్తం పీఓఈ బడ్జెట్ 370 వాట్లు ఉన్న 24 పోర్టుల స్విచ్‌ను తీసుకుంటే, 15.4 వాట్ల చొప్పున 24 పోర్టులకూ సరిపోతుంది, 30 వాట్ల చొప్పున అయితే 12 పోర్టులతోనే అయిపోతుంది.

వాస్తవ వినియోగాన్ని బట్టి కరెంటు పంచే స్విచ్‌లలో ఈ లోటు పగలు కనిపించదు. చీకటి పడగానే కెమెరాల్లోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి వినియోగం పెరుగుతుంది, బడ్జెట్ చాలక ప్రాధాన్యం తక్కువ ఉన్న పోర్టులు ఆగిపోతాయి. పగలు వెళ్లి పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే కెమెరాలు ఉన్న చోట నేను లెక్క కాగితం మీద రాత్రి వినియోగమే రాస్తాను, ముఖ్యమైన పోర్టులకు ప్రాధాన్యం పెట్టి వస్తాను.

పీఓఈ పోర్టుకు లాప్‌టాప్ తగిలిస్తే కాలిపోతుందన్న భయానికి ఆధారం లేదు. ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్, అవతల సుమారు 25 కిలోఓముల గుర్తింపు నిరోధం కనిపిస్తేనే కరెంటు వదులుతుంది. అలా అడగకుండా నేరుగా వోల్టేజీ పంపే పాసివ్ ఇంజెక్టర్ల విషయంలో మాత్రం ఆ భయం న్యాయమైనదే. అసలు భయపడవలసింది అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక కేబుల్‌కు. అది కేటగిరీ కేబుళ్ల ప్రమాణాలకు నిలవదు, నిరోధం ఎక్కువ కాబట్టి పీఓఈ కరెంటుకు కట్టల్లో వేడెక్కుతుంది.

అపోహ: వేగం, డూప్లెక్స్ చేతితో స్థిరపరిస్తే లింకు గట్టిగా ఉంటుంది.

రెండు వైపులా సమాచారం ఒకేసారి వెళితే ఫుల్ డూప్లెక్స్, ఒకరి తరువాత ఒకరు పంపితే హాఫ్ డూప్లెక్స్. ఒక చివర 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ అని స్థిరపరిచి, రెండో చివర ఆటోలో (రెండు పరికరాలు తామే మాట్లాడుకుని తేల్చుకునే ఆటో నెగోషియేషన్‌లో) వదిలేస్తే, ఆ రెండో చివర వేగాన్ని కనుక్కోగలదు గానీ డూప్లెక్స్‌ను కనుక్కోలేదు, కాబట్టి హాఫ్ డూప్లెక్స్‌లోకి వెళుతుంది. దీపం పచ్చగానే ఉంటుంది, పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తోందా అని చూసే చిన్న పరీక్ష) కూడా వెళుతుంది, పెద్ద ఫైలు పంపితే మాత్రం నత్తనడక నడుస్తుంది. రాగి మీద గిగాబిట్ లింకుకు ఆటో నెగోషియేషన్‌ను ప్రమాణమే తప్పనిసరి చేసింది. రెండు వైపులా ఆటోలోనే ఉంచండి.

అపోహ: కొత్త ఫైబర్ కేబుల్ మూత తీసి నేరుగా పెట్టేయవచ్చు.

సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు ప్రయాణించే దారి వెడల్పు సుమారు 9 మైక్రాన్లు. కంటికి కనిపించని ధూళి కణం కూడా దాన్ని మూసేయగలదు, ఆ ధూళి మూత లోపలే ఉండవచ్చు. ప్రతిసారీ తుడిచే పెట్టాలి.

అపోహ: స్పానింగ్ ట్రీ దానంతట అదే అన్నీ చూసుకుంటుంది.

స్విచ్‌ల మధ్య తిరిగే సమాచారపు పొట్లాన్ని ఈథర్నెట్ ఫ్రేము అంటారు, దానికి ఆయుష్షు లెక్క లేదు. రెండు స్విచ్‌ల మధ్య వలయం ఏర్పడితే అందరికీ వెళ్లే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఆగకుండా తిరుగుతూ, తిరిగిన కొద్దీ పెరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని నిలిపేస్తుంది. దీనికి విరుగుడుగా రాడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీని రూపొందించారు, 1990లో అది 802.1డీ ప్రమాణంలోకి వచ్చింది. అది వలయాన్ని తెంచుతుందన్నది నిజమే. ఎక్కడ తెంచాలో మాత్రం మనం చెప్పకపోతే అదే తేల్చుకుంటుంది.

అన్ని స్విచ్‌లూ కంపెనీ నుంచి 32768 అనే ఒకే ప్రాధాన్య సంఖ్యతో వస్తాయి. ఆ సంఖ్య అతి చిన్నగా ఉన్న స్విచ్ రూట్ అవుతుంది, అంటే మిగతావాటి దారులన్నీ దాన్ని బట్టే తేలతాయి. సంఖ్యలు సమానమైతే అతి చిన్న మ్యాక్ చిరునామా (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. చిన్న చిరునామా చాలాసార్లు పాత స్విచ్‌దే అయి ఉంటుంది. అంటే లక్షలు పెట్టి కోర్ (ప్రధాన) స్విచ్ కొన్నా, ఏదో మూల గదిలో పదేళ్ల నాటి స్విచ్ రూట్‌గా కూర్చుని, ట్రాఫిక్ అంతా దాని చుట్టూ నడిచే అవకాశం ఉంది. ఒక కార్యాలయంలో మధ్యాహ్నం పూట నెట్‌వర్క్ కొద్దిసేపు ఆగి మళ్లీ వస్తోందని పిలిస్తే వెళ్లాను. భోజనాల గదిలోని పాత స్విచ్ రూట్‌గా ఉంది, అక్కడ ఎవరో రోజూ ఓవెన్ కోసం దాని ప్లగ్ తీసి పెడుతున్నారు. కోర్ స్విచ్‌కు 4096, దానికి తోడుగా ఉన్న దానికి 8192 ప్రాధాన్యం ఇవ్వడానికి నాకు పట్టిన సమయం రెండు నిమిషాలు.

కంప్యూటర్లకు వెళ్లే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (పోర్టును వెంటనే పనిలోకి దింపే అమరిక) ఇవ్వాలి, లేకపోతే పాత స్పానింగ్ ట్రీలో ప్రతి కంప్యూటరూ 30 సెకన్లు ఎదురు చూడాలి. దానితో పాటు బీపీడీయూ గార్డ్ (ఆ పోర్టులోకి స్పానింగ్ ట్రీ సందేశం వస్తే దాన్ని మూసేసే కాపలా) కూడా తప్పక పెట్టాలి, ఎవరైనా చిన్న స్విచ్ తెచ్చి బల్ల కింద తగిలించి వలయం చేస్తే ఆ ఒక్క పోర్టే మూతపడి, భవనం మొత్తం నిలిచిపోకుండా ఉంటుంది.

అపోహ: పాత స్విచ్‌ను తెచ్చి ట్రంక్‌కు తగిలిస్తే నష్టమేమీ లేదు.

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగం, ట్రంక్ అంటే అనేక వీల్యాన్లను మోస్తూ స్విచ్‌లను కలిపే లింకు. సిస్కో కంపెనీ స్విచ్‌లలో వీటీపీ (వీల్యాన్ పట్టికను స్విచ్‌ల మధ్య పంచే ఏర్పాటు) మొదటి, రెండో వెర్షన్లు నడుస్తున్న చోట, అదే డొమైన్ పేరు, అదే పాస్‌వర్డ్ ఉండి, రివిజన్ సంఖ్య (పట్టిక మారిన ప్రతిసారీ పెరిగేది) ఎక్కువగా ఉన్న పాత స్విచ్‌ను ట్రంక్‌కు తగిలిస్తే, దానిలోని వీల్యాన్ పట్టికే మిగతా స్విచ్‌లన్నిటికీ పాకి ఉన్నవాటిని తుడిచేస్తుంది. పాతదాన్ని ముందుగా ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లోకి (ఆ పంపకంలో పాల్గొనని స్థితిలోకి) మార్చి, వీల్యాన్ పట్టిక చెరిపి, ఆ తరువాతే తగిలించాలి.

అపోహ: కేబుల్ ఏదైనా ఒకటే, క్లిక్‌మంటే చాలు.

2013లో సిస్కో ఒక ప్రకటన విడుదల చేసింది. క్యాటలిస్ట్ 3650, 3850 శ్రేణుల 48 పోర్టుల స్విచ్‌లలో, కొన్ని రకాల ప్యాచ్ కార్డుల (పోర్టులకు తగిలించే పొట్టి కేబుళ్ల) కొన మీద పొడుచుకు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు మొదటి పోర్టు పైన ఉన్న మోడ్ బటన్‌ను నొక్కిపట్టి, స్విచ్‌ను దానంతట అది రీసెట్ చేయగలదన్నది దాని సారాంశం. కేబుల్ కొనేటప్పుడు దాని కొన ఆకారం కూడా చూడాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

అపోహ: కమాండ్లు టైపు చేశాం, పనిచేస్తోంది, ఇక వెళ్లవచ్చు.

చాలా స్విచ్‌లలో మనం టైపు చేసింది తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. దాన్ని స్టార్టప్ కాన్ఫిగరేషన్‌గా భద్రపరచకపోతే, కరెంటు పోయి వచ్చాక స్విచ్ ఆ మార్పులేవీ లేకుండా లేస్తుంది. అలాగే గడియారం సంగతి చూడాలి. సొంత బ్యాటరీ గడియారం లేని పాత సిస్కో స్విచ్‌లు ప్రతిసారీ 1993 మార్చి 1వ తేదీతో మొదలవుతాయి. ఎన్‌టీపీ సర్వర్ (సరైన సమయం ఇచ్చే సర్వర్) చిరునామా, మన 5 గంటల 30 నిమిషాల కాలవ్యత్యాసం ఇవ్వకపోతే లాగ్‌లో ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో ఎవరూ చెప్పలేరు. దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్లే దారుల్లో, పాస్‌వర్డ్‌ను తెరిచిన ఉత్తరంలా పంపే టెల్నెట్‌ను మూసి, దాన్ని గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ మాత్రమే ఉంచాలి.

ఇవన్నీ అయ్యాక, అప్పగింత పత్రం మీద సంతకానికి ముందు, సంస్థ తరఫున ఒకరిని పక్కన నిలబెట్టుకుని నేను ఒక పవర్ సప్లై తీగ లాగుతాను, స్విచ్ నడుస్తూ ఉండాలి. అది తిరిగి పెట్టి రెండోది లాగుతాను. తరువాత రెండూ లాగి, మళ్లీ పెట్టి, గడియారం చూస్తూ కూర్చుంటాను. ఎవరూ చేయి పెట్టకుండా స్విచ్ లేచి, వీల్యాన్లు, ట్రంకులు, కెమెరాలు అన్నీ తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ పత్రం మీద రాసి, అప్పుడు సంతకం అడుగుతాను.