పోలీసు చర్యలో పోలీసులెక్కడ? యుద్ధం, మాట, అనుభవం: అపోహలు – వాస్తవాలు

యుద్ధ వార్తల్ని తెలుగులోకి దించేవాళ్లకూ, సర్వే ప్రశ్నలు రాసేవాళ్లకూ పదేపదే ఎదురయ్యే నమ్మకాలు కొన్ని.

అపోహ: పేరు మారిస్తే చాలు, యుద్ధం గురించి జనం మనసు మారిపోతుంది.

వాస్తవం: మన దగ్గరే చూడండి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది భారత సైన్యం, నడిపింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. జనంలోకి వెళ్లిన పేరు మాత్రం ‘పోలీసు చర్య’. యుద్ధం అంటే అవతల ఇంకో దేశం ఉందని ఒప్పుకున్నట్టే. పైగా అప్పటికే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తలుపు తట్టింది.

ఆ పేరు ఎంతగా అతుక్కుందంటే, ‘పోలీస్ యాక్షన్ అయిన ఏడు పుట్టిండు’ అని పల్లెల్లో వయసులు లెక్కగట్టేవారు. కానీ అభిప్రాయం ఒక్కటి కాలేదు. రజాకార్ల చేతిలో నలిగిన కుటుంబాలకు అది విమోచన. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా అదే సైన్యం వేటాడిన కమ్యూనిస్టులకు విద్రోహం. బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల ముస్లిం కుటుంబాల జ్ఞాపకం పూర్తిగా వేరు. ఆ చర్య జరుగుతున్నప్పుడూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. సెప్టెంబరు 17ను 2022లో కేంద్రం విమోచన దినమంది, తెలంగాణ రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రం దాన్నే ప్రజా పాలన దినోత్సవం చేసింది. ‘పోలీసు చర్య’ అన్న మాట ఎవరికి చల్లగా వినిపించింది? ఆ రోజుల్లో అక్కడ లేనివాళ్లకు.

అపోహ: ఇలాంటి ముసుగు పేర్లు మన దగ్గరే ఉంటాయి.

వాస్తవం: కొరియా యుద్ధాన్ని పోలీసు చర్య అనొచ్చా అని 1950 జూన్ 29న ఒక విలేకరి అడిగితే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఔనన్నాడు. ఆ ‘పోలీసు చర్య’లో పోయిన అమెరికా సైనికులు 36 వేలకు పైనే. 1937లో చైనా మీద మొదలెట్టిన యుద్ధాన్ని జపాన్ ‘ఘటన’ అంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద మొదలెట్టిన యుద్ధాన్ని రష్యా ‘ప్రత్యేక సైనిక చర్య’ అంది. సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల దాకా జైలు అంటూ మార్చి 4కల్లా చట్టం తెచ్చింది. మాటకే అంత మహిమ ఉంటే పక్కన జైలు కాపలా ఎందుకో!

అపోహ: సర్వేలో 68 శాతం యుద్ధానికి ఔనన్నారంటే 68 శాతం యుద్ధం కోరుకుంటున్నట్టే.

వాస్తవం: ఆ 68 నిజంగా వచ్చిన అంకె. సద్దాం పాలనను అంతం చేయడానికి ఇరాక్‌పై సైనిక చర్యకు అనుకూలమా అని 2003 జనవరిలో ప్యూ అనే సర్వే సంస్థ అమెరికన్లను అడిగింది. అనుకూలం 68, వ్యతిరేకం 25. ‘వేల మంది అమెరికా సైనికులు చనిపోయినా, గాయపడినా’ అన్న ముక్క చేర్చి అడిగితే అనుకూలం 43కు పడింది, వ్యతిరేకం 48కి లేచింది. ఖర్చు చెప్పకుండా అడిగిన ప్రశ్నకు వచ్చేది పైసా ఖర్చులేని సమాధానం.

తెలుగులో ఇంకో తిరకాసు ఉంది. ‘మన’ అంటే అడిగేవాడూ వినేవాడూ ఒకే జట్టు. ‘మన సైన్యం చేసిన దాడిని సమర్థిస్తారా?’ అని అడిగితే, కాదన్నవాడు జట్టు వదిలి బయటికి నడవాలి. ‘భారత సైన్యం’ అని రాయండి. అనుమానముంటే నమూనాను రెండుగా చీల్చండి: వెయ్యి మందిలో 500 మందికి ప్రశ్నను ఒక తీరులో, మిగతా 500 మందికి రెండో తీరులో వేయండి, ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో. రెండు సగాల మధ్య తేడా 6 శాతం పాయింట్లు దాటకపోతే అది మాట మహిమ అని తేల్చకండి, కాకతాళీయం కావచ్చు. ‘ఇంకా నిర్ణయించుకోలేదు’ అన్న గడి తీసేస్తే ఎటూ తేల్చుకోనివాళ్లంతా ‘ఔను’లోనో ‘కాదు’లోనో పడిపోతారు. ఇంట్లోవాళ్లంతా చుట్టూ కూర్చున్న చోట తీసుకున్న జవాబు ఒక్కరిది కాదు.

అపోహ: కుర్రాళ్లు యుద్ధాన్ని వ్యతిరేకిస్తారు, పెద్దలు సమర్థిస్తారు.

వాస్తవం: వియత్నాం యుద్ధ కాలంలో గాలప్ సంస్థ అమెరికాలో జరిపిన సర్వేల్లో అది తిరగబడింది. 30 ఏళ్ల లోపు వాళ్లకన్నా 50 దాటినవాళ్లే యుద్ధం తప్పని ఎక్కువగా అన్నారు. వయసు కన్నా లోతుగా పనిచేసింది సొంత ముప్పు. సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న అక్కడ పుట్టినరోజుల లాటరీ తీశారు. చిన్న అంకె వస్తే సైన్యానికి పిలుపు ముందుగా వస్తుంది. 1965లో హైస్కూలు ముగించి కాలేజీ దారి పట్టిన కుర్రాళ్లను పరిశోధకులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. చిన్న అంకె పడ్డవాళ్లు యుద్ధ వ్యతిరేకత వైపు ఎక్కువగా మొగ్గారు, దశాబ్దాల తర్వాత అడిగినా ఆ ముద్ర పోలేదు. అంకె కేవలం అదృష్టం మీద పడింది కాబట్టి, ఇందులో కారణం ఏదో ఫలితం ఏదో తికమక లేదు.

అపోహ: మాజీ సైనికులు యుద్ధమంటే ముందుంటారు.

వాస్తవం: అమెరికాలో జరిపిన అధ్యయనాల్లో, దేశ భద్రతకు నేరుగా సంబంధం లేని జోక్యాలకు వాళ్లు సాధారణ పౌరులకన్నా వెనకాడారు. యుద్ధంలోకి దిగాక మాత్రం సైన్యం చేతులు కట్టేయొద్దన్నారు. దీన్ని తెచ్చి తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఫౌజీల ఊరికి అంటగట్టకూడదు. అక్కడ ఉద్యోగం, పింఛను, ఇంటి పరువు అన్నీ ఆ లెక్కలో కలుస్తాయి.

అపోహ: వార్తలో అంకె సరిగ్గా ఉంటే అనువాదం తటస్థమే.

వాస్తవం: క్రియలు చూడండి. మనవాళ్లు ‘అమరులవుతారు’, అవతలివాళ్లు ‘హతమవుతారు’, మధ్యలో చిక్కిన ఊరివాళ్లు ‘మృతి చెందుతారు’. ‘వైమానిక దాడిలో 20 మంది మృతి’ అన్న శీర్షికలో విమానం ఎవరిదో లేదు. మూలంలో కర్త ఉంటే తెలుగులోనూ ఉంచండి. మూలంలోనే లేకపోతే మీరు కల్పించకండి, ‘ఎవరు చేశారో వెల్లడించలేదు’ అని ఒక వాక్యం కలపండి. ‘పోరు’, ‘సమరం’, ‘రణం’ మూడూ ఇప్పటికే క్రికెట్‌కీ ఎన్నికలకీ వెళ్లిపోయాయి. నిజంగా బాంబులు పడ్డ రోజు ‘యుద్ధం’ అనే రాయండి.