వాతావరణ మార్పు ఖర్చు: బడ్జెట్‌లో పేరు లేని పద్దుపై అపోహలు, వాస్తవాలు

బడ్జెట్ పుస్తకాలు ఎన్ని తిరగేసినా "వాతావరణ మార్పు నష్టం" అనే పద్దు దొరకదు. డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది. రోడ్ల మరమ్మతుల కింద కొంత, సహాయ శిబిరాల కింద కొంత, రుణమాఫీ కింద కొంత. పంటలు పోయి, వ్యాపారాలు మూతపడి తగ్గిన పన్ను రాబడి ఇంకొంత. విపత్తు నిధుల లెక్కలు చూడడం నా ఉద్యోగం. ఈ పనిలో పదేపదే వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "అదంతా 2100 నాటి సంగతి. ఈ ఏడాది బడ్జెట్‌కు ఏం సంబంధం?"

ఒకసారి ఒకే కల్వర్టుకు సంబంధించిన మూడు అంచనాలు నా బల్ల మీదికి వచ్చాయి. కొన్నేళ్ల వ్యవధిలో ఆ కల్వర్టు మూడుసార్లు కొట్టుకుపోయింది. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేదీలు, రేట్లు తప్ప ఏమీ మారలేదు. గొట్టం వ్యాసం మూడింట్లోనూ 900 మిల్లీమీటర్లే. ఇదేమిటని ఇంజనీరును అడిగితే, "సహాయ నిధి కదండీ, ఉన్నది ఉన్నట్టు కట్టాలని రూలు. పెద్దది పెడితే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు" అన్నాడు. అతను చెప్పింది నిజమే.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. కురిసినప్పుడు అదంతా ఒక్కసారిగా దిగుతుంది. డ్రెయిన్లు, కల్వర్టులు, వంతెనల డిజైను మాత్రం చాలాచోట్ల దశాబ్దాల కిందటి వాన లెక్కల మీదే నడుస్తోంది. కాబట్టి ప్రణాళిక మొదలుపెట్టడానికి పెద్ద విధాన పత్రమేమీ అక్కర్లేదు. "ఉన్నది ఉన్నట్టు" అన్న మాట తీసేసి "రాబోయే వానలకు తగినట్టు" అని రాస్తే చాలు. ఆ ఒక్క వాక్యం మార్చడానికి పట్టే కాలం మాత్రం వేరే కథ.

అపోహ: "నూరేళ్లకోసారి వచ్చే వరద మొన్ననే వచ్చింది, ఇప్పట్లో మళ్లీ రాదు."

నూరేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం అని అర్థం. నిన్న వచ్చిన వరదకు, రేపు రాబోయేదానికి పొత్తు లేదు. 30 ఏళ్ల అప్పు చేసి కట్టిన ఆస్పత్రి ఆ అప్పు తీరేలోపు అలాంటి వరదను కనీసం ఒకసారి చూసే అవకాశం దాదాపు 26 శాతం. అదీ వాతావరణం మారకుండా ఉంటే.

అపోహ: "బీమా చేయించేస్తే గొడవ వదిలిపోతుంది."

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఎక్కువ ప్రమాదం.

2004లో ఇవాన్ హరికేన్ కరేబియన్ ద్వీప దేశం గ్రెనడాకు చేసిన నష్టం ఆ దేశ జీడీపీకి సుమారు రెండు రెట్లు. అంత చిన్న దేశం ఎంత పొదుపు చేసినా అలాంటి దెబ్బను సొంత నిధితో తట్టుకోలేదు. 2007లో కరేబియన్ దేశాలు ఉమ్మడి బీమా నిధి పెట్టుకున్నాయి. ఇందులో నష్టం లెక్కకట్టే సర్వేలు ఉండవు. గాలి వేగం, వాన లాంటి కొలతలు, వాటితో మోడల్ వేసే నష్టం అంచనా ముందే రాసుకున్న గీత దాటితే రెండు వారాల్లో డబ్బు వస్తుంది.

గీత దాటకపోతే? 2024 జులైలో బెరిల్ హరికేన్ జమైకాను దెబ్బతీసింది. ఆ దేశం చేతిలో 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు ఉంది, అంటే విపత్తు రాసుకున్న గీత దాటితే మదుపరులు పెట్టిన సొమ్ము దేశానికి దక్కే ఒప్పందం. కానీ తుపాను కేంద్రంలో పీడనం ఒప్పందంలో రాసినంతగా పడిపోలేదు, ఆ బాండు నుంచి పైసా రాలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో మెలిస్సా హరికేన్ వచ్చినప్పుడు బాండు సొమ్ము మొత్తం వచ్చింది. ఆఫ్రికా దేశం మలావీది ఇంకా చిత్రమైన కథ. 2016 కరువులో లక్షలమంది తిండికి అల్లాడుతుంటే, బీమా మోడల్ మాత్రం పరిహారం అక్కర్లేదని తేల్చింది. రైతులు వేసినది తక్కువ కాలంలో కోతకొచ్చే మొక్కజొన్న, మోడల్‌లో ఉన్నది ఎక్కువ కాలం తీసుకునే రకం. తప్పు సరిదిద్దాక సుమారు 81 లక్షల డాలర్లు ఇచ్చారు, కానీ ఆలస్యంగా. ఒక గడిలో పంట రకం తప్పు పడితే జరిగింది అది.

అందుకే మా పనిలో నష్టాన్ని పొరలుగా చూస్తాం. ఏటా వచ్చే చిన్న వరదలకు బీమా దండగ, ప్రీమియమే తడిసి మోపెడవుతుంది. వాటికి సొంత నిధి ఉండాలి. అయిదారేళ్లకోసారి వచ్చేవాటికి, విపత్తు ప్రకటించగానే విడుదలయ్యేలా ముందే కుదుర్చుకున్న రుణం. అరుదుగా వచ్చే పెద్ద దెబ్బకే బీమా, బాండ్లు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు గ్రెనడాదే. 2015లో అప్పులు తిరగరాసుకునేటప్పుడు, పెద్ద హరికేన్ వస్తే కొంతకాలం వాయిదాలు ఆపుకోవచ్చని షరతు పెట్టించింది. 2024లో బెరిల్ తర్వాత దాన్ని వాడుకుంది. ఖజానా ఖాళీ అయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే కదా.

అపోహ: "నష్టం ఎంతో కచ్చితంగా తేలాకే ప్రణాళిక వేద్దాం."

కచ్చితమైన అంకె రాదు. కారణం సైన్సు ఒక్కటే కాదు, రేపటి నష్టాన్ని ఇవాళ్టి విలువలో చూపే డిస్కౌంట్ రేటు కూడా. నూరేళ్ల తర్వాతి 100 కోట్ల నష్టం, 1.4 శాతం రేటు వేస్తే ఈరోజు దాదాపు 25 కోట్లు. 4.5 శాతం వేస్తే కోటీ ఇరవై లక్షలు. 2006లో బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ దాదాపు 1.4 శాతం రేటుతో లెక్క వేస్తే, అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ అంతకన్నా బాగా ఎక్కువ రేటు వాడాలని వాదించాడు. మనవళ్ల కష్టానికి ఎంత విలువ కట్టాలన్న ప్రశ్న ఆ చిన్న శాతంలో దాగి ఉంటుంది. ఏ నివేదిక చేతికొచ్చినా నేను ముందు వెతికేది దాన్నే. చాలాసార్లు అనుబంధాల్లో ఎక్కడో మూల దొరుకుతుంది.

అంకె తేలకపోయినా పని ఆగక్కర్లేదు. లండన్ మీదుగా పారే థేమ్స్ నది ముఖద్వారానికి వరదల నుంచి రక్షణగా 2012లో వేసిన ప్రణాళికలో గోడ ఇంత ఎత్తు అని నూరేళ్లకు సరిపడా ఒకేసారి నిర్ణయించలేదు. సముద్ర మట్టం ఎక్కడిదాకా వస్తే ఏ పని మొదలుపెట్టాలో రాసుకున్నారు. గట్లు పెంచడానికి కావలసిన స్థలం ముందే కాపాడుకుంటారు, డబ్బు మాత్రం అవసరమైనప్పుడే పెడతారు.

అపోహ: "కూలినదాన్ని మళ్లీ కడితే పనులు పెరుగుతాయి, జీడీపీ కూడా పెరుగుతుంది."

జీడీపీ ఆ ఏడాది ఉత్పత్తిని లెక్కిస్తుంది, పోయిన ఆస్తిని తీసివేయదు. ఇల్లు కాలినవాడు కొత్త ఇల్లు కట్టుకుంటే కట్టిన ఖర్చు కనిపిస్తుంది, కాలిన ఇల్లు కనిపించదు.

అపోహ: "ఇది పర్యావరణ శాఖ చూసుకోవాల్సిన పని."

పర్యావరణ శాఖ చేతిలో పన్నులూ లేవు, అప్పులూ లేవు. 2021లో బ్రిటన్ ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా అంచనా వేసే బడ్జెట్ బాధ్యతా కార్యాలయం వాతావరణ మార్పును మహమ్మారి, ప్రభుత్వ అప్పుల సరసన ఖజానా ముప్పుగా లెక్కవేసింది. వరదల మాట ఎలా ఉన్నా, విద్యుత్ వాహనాలు పెరిగితే పెట్రోలు, డీజిలు మీది పన్ను ఆవిరవుతుందన్న విషయం అందులో పెద్ద పద్దు. కాలుష్యం తగ్గించడంలో గెలిచినా ఖజానాకు ఒక కన్నం పడుతుందన్నమాట. దాన్ని ఏ పన్నుతో పూడ్చాలో ఇప్పుడే తేల్చుకోవాల్సింది ఆర్థిక శాఖే.

అపోహ: "మరీ పెద్ద విపత్తు వస్తే ప్రపంచం ఆదుకుంటుంది."

2022 వరదల తర్వాత పాకిస్తాన్ పునర్నిర్మాణానికి 1,630 కోట్ల డాలర్లు కావాలని తేలింది. 2023 జనవరిలో జెనీవాలో దాతలు 900 కోట్లకు పైగా ఇస్తామన్నారు. అందులో అత్యధిక భాగం రుణాలే.