మన జాగల కరెంటు పోలు: అపోహలు – వాస్తవాలు

"ముందుగాల స్లాబ్ పడనీయ్ అన్నా, లైను సంగతి తర్వాత చూద్దాం." హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల లైన్ల పనులు చేసే కాంట్రాక్టర్‌ని నేను. ఈ మాట వినని నెల లేదు, మందిని నిండ ముంచుతున్నది కూడా ఇదే.

అపోహ: జాగ నాది, పోలు కరెంటోళ్లది, ఎప్పుడడిగినా వాళ్ల ఖర్చుతోనే తీయాలె.

వాస్తవం: లైను ముందే సక్రమంగ ఉండి మీరు తర్వాత కడుతున్నరంటే షిఫ్టింగ్ ఖర్చు మీదే. కట్టుడు మొదలువెట్టక ముందే డిస్కంకు (కరెంటు సప్లై చేసే కంపెనీకి), ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు రాసిచ్చుడు కూడా మీ బాధ్యతే. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు ఇంటి పక్కన 1.2 మీటర్లు, ఇంటి పైన 3.7 మీటర్ల ఖాళీ ఉండాలె, 33 కేవీకి పక్కకు 2 మీటర్లు.

హసన్‌పర్తి దిక్కు ఒక పెద్దమనిషి రిటైర్‌మెంట్ పైసలన్నీ పెట్టి ఇల్లు మొదలువెట్టిండు. నేను పోయేసరికి ఫస్ట్ ఫ్లోర్ పిల్లర్ల చువ్వలు లేచి ఉన్నయ్, 11 కేవీ వైరు వాటికి జానెడు దూరంల ఊగుతున్నది, కింద ఇసుకల మేస్త్రీ బిడ్డ ఆడుకుంటున్నది. అప్పటికప్పుడు పని ఆపిచ్చి సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసిన. ఎవడో "ఒక్క పూటల జరుపుత" అని చెప్పి ఆయన దగ్గర చేతిల పైసలు తీస్కొని పోయిండట, రశీదు లేదు, ఎస్టిమేట్ లేదు. పునాది తియ్యకముందే దరఖాస్తు పెట్టి ఉంటే కొత్త పోలుకు సొంత ప్లాట్ల మూలకే జాగ దొరికేది, ఇప్పుడు అక్కడ సెప్టిక్ ట్యాంక్ కట్టిండు, ఇవతల పక్కింటాయన గేటు ముంగట పోలు వద్దంటున్నడు, ఇక కిరాయి ఇంట్ల ఎన్నాళ్లని ఆయన భార్య ఏడుస్తుంటే చూడలేకపోయిన.

పద్ధతి ఏందంటే, దరఖాస్తు ఇయ్యాలె, డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సైటు చూసి ఎస్టిమేట్ వేస్తరు, శాంక్షన్ అయినంక మొత్తం డిస్కంకే కట్టొచ్చు, లేకుంటే 10 శాతం సూపర్‌విజన్ చార్జీలు కట్టి లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌తోని చేయించుకోవచ్చు. ఏది చేసినా రశీదు మీ చేతిల ఉండాలె, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనుల కరెంటు బంద్ చేసినమన్న అనుమతి) తీసుకోకుండ ఎవ్వరూ పోలు ఎక్కొద్దు.

అపోహ: కరెంటోళ్లు ఏం చేసినా మనం అడగలేం.

ఇదీ తప్పే. 2006ల వచ్చిన వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్ (కరెంటు కంపెనీల పనుల నియమాలు) ప్రకారం మీ జాగల కొత్తగ లైను వెయ్యాలంటే మీ అనుమతి కావాలె. మీరు వద్దంటే వాళ్లు కలెక్టర్ దగ్గర గానీ పోలీస్ కమిషనర్ దగ్గర గానీ రాతపూర్వకంగ పర్మిషన్ తెచ్చుకోవాలె, నష్టపరిహారమో ఏడాది కిరాయో కూడా ఆ ఆర్డర్‌లనే తేలుస్తరు. ఇప్పటికే పాతిన పోలైనా, పోలు ఒరగకుండ కట్టే స్టే వైరైనా సరే, తగిన కారణం చూపిస్తే తీయమని, మార్చమని ఆర్డర్ ఇచ్చే అధికారం కలెక్టర్‌కు, కమిషనర్‌కు ఉన్నది. అందుకే ఉత్తి మాటలతోని పోకండి, పట్టా కాగితం, కొలతల స్కెచ్, ఫొటోలు పట్టుకొని పోండి.

132, 220 కేవీ టవర్ల లెక్క వేరు, వాటికి 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వాడుతరు, అక్కడ మన పోరాటం ఎక్కువగా పరిహారం మీదనే. ఇక అడ్డమున్నదని స్టే వైరు సొంతంగ కోసేటోళ్లకు చేతులెత్తి దండం పెడుతున్న, పోలు ఒరిగితే లైను మొత్తం మీద పడ్తది.

ఇప్పటికే సెంట్రింగ్ లైను దగ్గరికి చేరిందంటే మాత్రం దరఖాస్తు రేపైనా పెట్టొచ్చు, ఇయ్యాల పని ఆపి, చువ్వలు ఎత్తనియ్యకుండ, 1912కు ఫోన్ కొట్టండి.