ఏమీ తినకుండానే 246

ఈ వ్యాసానికి కారణం ఒక పాఠకురాలి ఉత్తరం. వాళ్ళమ్మగారికి 51 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా షుగర్. ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల నెలలో సగం రోజులు రక్తస్రావం. మందులు వాడారు, ఆగలేదు. చివరికి గర్భసంచి తీసేశారు. "ముందురోజు రాత్రి పది తరవాత అమ్మ ఏమీ తినలేదండీ. పొద్దున ఆరింటికి షుగర్ 138. ఆపరేషన్ అయ్యి బయటికి తెచ్చాక చూస్తే 246! లోపల పొరపాటున గ్లూకోజ్ గానీ ఎక్కించారంటారా?"

ఎవరూ ఎక్కించి ఉండనక్కర్లేదు. ఆ చక్కెర ఆవిడదే.

షుగర్ జబ్బు అంటే ఏమిటి, టైప్ 1, టైప్ 2 తేడా ఏమిటి అన్నవి ఇక్కడ మళ్ళీ చెప్పను. ప్రతి ఇంట్లో ఒకరికి ఉన్న జబ్బు, అందరికీ తెలిసిన పాఠమే. అయితే ఆ పాఠంలోనే ఒక లోపం ఉంది. ఇన్సులిన్ తాళంచెవి లాంటిది, కణం తలుపు తీసి చక్కెరను లోపలికి పంపుతుంది అని చెబుతాం. నేనూ ఏళ్ళ తరబడి బల్ల గుద్ది అలాగే చెప్పాను. అది తప్పు కాదు, సగం. ఆ సగమే విన్న పిల్లవాడికి చక్కెర నోట్లోంచి తప్ప ఇంకెక్కణ్ణించీ రాదనిపిస్తుంది. అలాంటప్పుడు ఉపవాసంలో 246 చూస్తే ఎవరి మీదో అనుమానం రాక ఏమవుతుంది?

రెండో సగం కాలేయం. దీన్ని పట్టుకున్నవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. కుక్కలకు మాంసం తప్ప ఏమీ పెట్టకపోయినా, కాలేయం నుంచి బయటికొచ్చే రక్తంలో చక్కెర కనిపించింది ఆయనకు. 1855లో ఇంకా గట్టి రుజువు చూపించాడు. అప్పుడే తీసిన కాలేయంలోకి రక్తనాళాల గుండా నీళ్ళు పంపి, చక్కెర జాడ లేకుండా కడిగేసి పక్కన పెట్టాడు. మర్నాడు చూస్తే అందులో మళ్ళీ చక్కెర! తిండి లేదు, రక్తం లేదు, ప్రాణం కూడా లేదు. ఎక్కణ్ణించి వచ్చింది? అందులోనే దాచి ఉంది. రెండేళ్ళ తరవాత ఆ దాచిన పదార్థాన్ని విడదీసి గ్లైకోజెన్ అని పేరు పెట్టాడు.

నన్నడిగితే తాళంచెవిని పక్కన పెట్టి ఊరి చెరువును పాఠంలోకి తేవాలి. కాలేయం చెరువు. కడుపునిండా తిన్నాక అందులో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ ఉంటుంది. రక్తం కాలువ. కండరాలు, కొవ్వు ఆ కాలువ కింది పొలాలు. తూము దగ్గర నీరటికాడు ఉంటాడు చూడండి (కాలువల కింద ఊళ్ళలో లస్కరు అంటారు), అతనే ఇన్సులిన్. అతనికి రెండు పనులు. పొలాలకు మడవలు తీయడం ఒకటి, మనం బళ్ళో చెప్పేది ఇదే. చెరువు దగ్గర తూము బిగించడం రెండోది. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ నేరుగా ఒంట్లోకి పోదు, పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికే చేరుతుంది. అక్కడ ఖర్చు కాగా మిగిలింది మిగతా ఒంటికి. నీరటికాడి ఇల్లు చెరువు కట్ట పక్కనే అన్నమాట.

తూము పూర్తిగా ఎప్పుడూ మూయరు. నిద్రలో కూడా కిలో బరువుకు నిమిషానికి 2 మిల్లీగ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషిలో గంటకు ఏడు గ్రాముల చక్కెర కాలువలోకి కారుతూనే ఉంటుంది. అందులో ఐదు గ్రాములు మెదడే తాగేస్తుంది. ఇక కాలువలో ఎప్పుడూ ఉండే చక్కెర ఎంతనుకున్నారు? షుగర్ 100 ఉన్న మనిషి మొత్తం రక్తంలో నాలుగైదు గ్రాములు. ఒక్క చెంచా! కణాల మధ్య ఉండే నీటిని కూడా కలుపుకుంటే మూడు చెంచాలు. కాబట్టి 138 కాస్తా 246 కావడానికి బస్తాలేమీ అక్కర్లేదు, ఇంకో మూడు చెంచాలు చాలు. తూము కాస్త పైకి లేచి, మడవలు కాస్త పూడిపోతే గంటా రెండు గంటల్లో అయిపోయే పని.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది సరిగ్గా అదే. పొట్ట మీద కత్తి పడగానే నరాలు వెన్నుపాముకూ, అక్కణ్ణించి మెదడుకూ కబురు పంపుతాయి. మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలియదు గానీ మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కు తెలుస్తుంది. క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి తూము పైకి లాగేస్తుంది. గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్ దానికి తోడు పడుతుంది. మూడో హార్మోన్ కార్టిసాల్ నిదానంగా వస్తుంది గానీ అసలు ఘటికురాలు అదే. చెరువు అడుగంటకుండా ఎగువ వాగుల్ని మళ్ళిస్తుంది: కండల్ని కరిగించిన అమైనో ఆమ్లాలు, కొవ్వు నుంచి గ్లిసరాల్, కణాలు వదిలేసిన లాక్టేట్, అన్నీ కాలేయంలోకి వచ్చి కొత్త చక్కెరగా మారతాయి. అదే సమయంలో పొలాల మడవలకు మట్టి అడ్డం పడుతుంది. గ్లూట్-4 అనే ద్వారాలు కణం లోపలి నుంచి పైపొరకు రావాలి, నీరటికాడు కేకేసినా రావు. ఇన్సులిన్ నిరోధకత అని మనం పలికే పెద్దమాటకు అర్థం ఇంతే.

ఇది శరీరం చేసే పొరపాటు కాదు. ఊళ్ళో ఇల్లంటుకుంటే వరి ఎండిపోతోందని ఎవరైనా పొలానికి నీళ్ళు పెడతారా? మడవలు మూసేసి నీళ్ళన్నీ మంటల వైపు తిప్పుతారు. మెదడుకూ, తెల్లరక్తకణాలకూ, గాయమైన చోటికీ నీరటికాడితో పని లేదు. వాటికి వేరే ద్వారాలున్నాయి, ఇన్సులిన్ లేకపోయినా చక్కెర తీసుకుంటాయి. షుగర్ లేని మనిషిలో క్లోమం ఇంకో పదిమంది నీరటికాళ్ళను పంపి పరిస్థితి అదుపు చేస్తుంది. తొమ్మిదేళ్ళ షుగర్ ఉన్న ఆవిడ క్లోమం దగ్గర అంత బలగం లేదు.

కత్తి దాకా కూడా అక్కర్లేదు, టెన్షన్ చాలు. 1913లో అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త, హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది ఆఖరి పోటీ ఆడి రాగానే 25 మంది మూత్రం పరీక్షించాడు. పన్నెండుగురిలో చక్కెర ఉంది. వాళ్ళలో ఐదుగురు ఆట మొత్తం బెంచీ మీద కూర్చున్నవాళ్ళే! ఇంకా విచిత్రం, చూడ్డానికి వచ్చిన ఒక అభిమానిలో కూడా కనిపించింది, మర్నాటికి పోయింది. ఆపరేషన్ థియేటర్ బయట స్ట్రెచర్ మీద రెండు గంటలు ఒంటరిగా పడుకోబెట్టిన మనిషిని తలుచుకోండి.

కబురు మోసేది నరమే అయితే, ఆ నరాన్ని ముందే మొద్దుబారిస్తే? 1970లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెహ్లెట్ బృందం సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుంది. వాళ్ళు ఎంచుకున్నది కూడా పొట్ట కోసి గర్భాశయం తీసే ఆపరేషన్నే. వెన్నులో ఎపిడ్యూరల్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి రొమ్ముల ఎత్తు దాకా నరాల్ని ఆపేస్తే, ఆపరేషన్ జరుగుతుండగా పెరగాల్సిన చక్కెరా కార్టిసాలూ పెరగకుండా నిలిచాయి. అదే కత్తి, అదే కోత, కబురు మాత్రం అందలేదు. పొట్ట పైభాగపు ఆపరేషన్లలో ఇది ఇంత బాగా పని చెయ్యదు, అక్కడ వేగస్ లాంటి నరాలు వెన్నుపాముతో నిమిత్తం లేకుండా పక్కదారిన కబురు మోస్తాయి. గర్భసంచి కింద ఉండడం ఒక రకంగా అదృష్టం. చిన్న రంధ్రాల గుండా చేసే ల్యాపరోస్కోపీలో సాధారణంగా పూర్తి మత్తే ఇస్తారు గానీ అందులో గాయం చిన్నది, కాబట్టి కబురూ చిన్నదే. మత్తు డాక్టరు ముందురోజు వచ్చి మాట్లాడితే సంతకం పెట్టి పంపించేయకండి. మీ చెరువు తూము ఆ రోజంతా ఆయన చేతిలో ఉంటుంది.

సరే, పెరిగితే ఏమవుతుంది? 180 దాటాక మూత్రపిండాలు చక్కెరను బయటికి వదలడం మొదలుపెడతాయి. అది అలుగు. (అలుగు చెరువుకుంటుంది గానీ కాలువకుంటుందా అని రైతులు నన్ను నిలదీయవచ్చు. నిజమే, ఉపమానం ఇక్కడ కాస్త బీటలు వారింది.) ఎక్కువ చక్కెరలో తెల్లరక్తకణాలు మందగిస్తాయి, సూక్ష్మజీవుల్ని పట్టుకోవడం, మింగడం తగ్గుతుంది, కుట్లు చీము పడతాయి. అందుకే ఆపరేషన్ సమయంలో 100 నుంచి 180 మధ్య ఉంచాలని చూస్తారు. ఇంకా తగ్గిస్తే ఇంకా మంచిది కదా అనుకునేరు. 2001లో బెల్జియం వైద్యులు ఐసీయూ రోగుల్లో గట్టిగా అదుపు చేస్తే మరణాలు తగ్గాయన్నారు. లోకమంతా వెంటపడింది. 2009లో ఆరు వేల పైచిలుకు ఐసీయూ రోగులతో చేసిన నైస్-షుగర్ పరిశోధన తిరగేసి చెప్పింది: 81-108 మధ్య బిగించినవాళ్ళలో 27.5 శాతం చనిపోయారు, 180 లోపు ఉంచి వదిలేసినవాళ్ళలో 24.9 శాతం. తూము మరీ బిగిస్తే ముందు ఎండేది మెదడు.

అలుగు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి 'గ్లిఫ్లోజిన్' మాత్రలు చేసే పని ఆ అలుగు ఎత్తు తగ్గించడమే. 2020లో పేటెంటు తీరి డాపాగ్లిఫ్లోజిన్ చౌకయ్యాక దీన్ని చాలామంది వాడుతున్నారు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలో అది ఉందని కూడా కొందరికి తెలియదు. ఈ మందు మీద ఉండి ఉపవాసం చేస్తూ ఆపరేషన్‌కు వెళితే, కాలువలో నీటిమట్టం మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువైంది అలుగు దాటి పోతోంది. లోపల మాత్రం ఇన్సులిన్ చాలక కొవ్వు కాలి కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి, రక్తం ఆమ్లమవుతుంది. మీటరు 150 చూపిస్తుంది. వాంతులు, ఆయాసం మత్తు ప్రభావమేలే అనుకుంటారు. అందుకే వీటిని మూడు రోజుల ముందే (ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు) ఆపిస్తారు. ఆస్పత్రికి చీటీ కాదు, మాత్రల అట్టలే సంచిలో వేసుకుని వెళ్ళండి.

ఇంకో తిరకాసు ఈవిడ లాంటివాళ్ళకే వస్తుంది. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ చూస్తారు. 8 దాటితే, తొందర లేని ఆపరేషన్ అయితే, చాలాచోట్ల వాయిదా వేస్తారు. కానీ ఆ పరీక్ష కొలిచేది ఎర్రరక్తకణాలకు అంటుకున్న చక్కెరను. ఎర్రకణం ఆయుర్దాయం దాదాపు 120 రోజులన్న నమ్మకం మీద ఆ లెక్క నడుస్తుంది. నెలలో సగం రోజులు రక్తం పోయే మనిషిలో ఆ నమ్మకమే తప్పు. ఐరన్ లోపిస్తే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఐరన్ ఇంజెక్షన్లు పడి కొత్త కణాలు గుంపులుగా వస్తే, లేదా రక్తం ఎక్కిస్తే, అదే అంకె కిందికి దిగవచ్చు. షుగర్ తగ్గలేదు, కొలిచే తక్కెడ మారింది. ఇలాంటప్పుడు వేలిపోటు పరీక్షలు రోజూ రాసుకున్న నోటుపుస్తకం ఆ రిపోర్టు కంటే ఎక్కువ నిజం చెబుతుంది. ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష కూడా ఉంది, రెండు మూడు వారాల సగటు ఇస్తుంది, ఎర్రకణాలతో దానికి పని లేదు.

అసలు తీయాలా అన్నది వేరే వ్యాసం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్ళ గర్భసంచులు మిగతా దేశంలో కంటే అంత చెడ్డవని నేను నమ్మను. "పిల్లలు పుట్టేశారుగా, ఉంటే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టి తీసినవి అందులో ఎన్నో. ఈ ఉత్తరంలోని ఆవిడకు మాత్రం వేరే దారులు చూశాకే తీశారు.

షుగర్ ఉన్నవాళ్ళను పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా పెట్టాలి, ఉపవాసం పొడవు తగ్గుతుంది. ఈవిడను ఎనిమిదింటికి పెట్టారట. రాహుకాలమని పెద్దాయన ఒకరు అడ్డం పడి పదకొండున్నరకు మార్పించారు. ఆ మూడున్నర గంటలూ స్ట్రెచర్ మీదే. గ్రహాల సంగతేమో గానీ అడ్రినలిన్ మాత్రం ఆ ముహూర్తాన్ని గౌరవించి ఉండదు.

పథ్యం సంగతి ఇంకా ఘోరం. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్ళలో ఒక గట్టి నమ్మకం. గుడ్డు వద్దు, నీచు వద్దు, పప్పు వద్దు. మిగిలిందేమిటి? మెత్తటి అన్నంలో చారు, బ్రెడ్డు, చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయి రసం. కొత్త చర్మం అల్లుకోవడానికి కావలసిన మాంసకృత్తులు ఆపి, చీముకు దారి చేసే చక్కెర గిన్నెలతో పోస్తున్నామన్నమాట. ముద్దపప్పును ఇంత చిన్నచూపు చూసిన జాతి ఇంకోటి ఉండదు, అదీ ఆపరేషన్ అయినప్పుడే.

ఉత్తరం చివర ఆవిడ కూతురు ఇంకో ప్రశ్న అడిగింది. ఆస్పత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారు, ఇక జీవితాంతం పొడుచుకోవాలా అని. అలాగేం కాదు. పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్ తరవాత ఆ నిరోధకత తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మంట ఆరాక మడవల్లో మట్టి ఒక్కోటిగా తీస్తారు, తూము కిందికి దిగుతుంది. చాలామంది పాత మాత్రలకే తిరిగొస్తారు. నాకు భయం వేరే. ఆస్పత్రిలో మంట రగులుతున్నప్పుడు రాసిన డోసే ఇంట్లో మంట ఆరాక కూడా వేసుకుంటూ పోతే, తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. కాబట్టి ఇంటికొచ్చాక మొదటి మూడు వారాలూ రోజూ వేలిపోటు చూసి, అంకెలు దిగుతుంటే డాక్టరుకు ఫోన్ చేసి డోసు తగ్గించమని అడగమన్నాను. పద్దెనిమిదో రోజున మళ్ళీ మెసేజ్ వచ్చింది: పొద్దున 14, రాత్రి 10 యూనిట్లతో ఇంటికి వచ్చినావిడకు ఇప్పుడు రాత్రి 6 మాత్రమే. పప్పు తింటున్నారట, పెద్దాయన చూడకుండా.