టిబెటన్ల ‘యు’: రంగు మారే రాయి

రాతలో ‘గ్‌యు’, పలకడంలో ‘యు’. మనం ఫిరోజా (టర్కాయిస్) అనే నీలిరంగు రాయికి టిబెటన్ల మాట ఇది. దీన్ని వైడూర్యం అనుకోకూడదు. వైద్యానికి అధిపతిగా కొలిచే భైషజ్యగురు బుద్ధుడి దేహకాంతికి పోలిక చెప్పే వైడూర్యానికి వాళ్లు సంస్కృతం పేరే వాడతారు. ఫిరోజాకు మాత్రం సొంత మాట ఉంది, అది ఊళ్లకూ నీళ్లకూ పాకింది. యమ్‌డ్రోక్ సరస్సు ‘యుమ్‌త్సో’, అంటే ఫిరోజా సరస్సు. నీలి పెంకుల కప్పున్న లాసా వంతెన ‘యుతోక్’, అంటే ఫిరోజా కప్పు.

రాళ్లను మొదట పాతవి (యుఞింగ్), కొత్తవి (యుసార్) అని వేరుచేస్తారు. రంగు ఛాయను బట్టి మళ్లీ పేర్లుంటాయి: తెల్లని మెరుపున్న నీలం ‘డ్రుక్‌కార్’, ఎర్రజీర తగిలితే ‘డ్రుక్‌మార్’. రంగు పోయిన రాయిని చచ్చిపోయిందంటారు.

ఆ చావుకు కారణం రాయి నిర్మాణంలోనే ఉంది. ఫిరోజా నీటి అణువులు కలిసిన రాగి, అల్యూమినియం ఫాస్ఫేటు. నీలం రాగి వల్ల వస్తుంది. అల్యూమినియం స్థానంలో ఇనుము చేరిన కొద్దీ రాయి పుట్టుకతోనే ఆకుపచ్చగా ఉంటుంది. పైగా దీనికి సన్నని రంధ్రాలు ఎక్కువ, చెమటనూ నూనెనూ పీల్చుకుంటుంది. లద్దాఖ్ స్త్రీల ‘పెరక్’ తలపట్టీ మీద వందకు పైగా రాళ్లుంటాయి, తల్లి నుంచి పెద్దకూతురికి వస్తుంది. తరాల పాటు ఒంటికి తగిలిన రాళ్లు ఆకుపచ్చగా మారడం సహజం. వేడికి నీరు పోయినా రంగు చెడుతుంది. అందుకే అత్తరు, సబ్బు, పొయ్యి సెగ దగ్గరకు రానివ్వకండి.

బజార్లో ఫిరోజా పేరుతో, హౌలైటు అనే తెల్లని మెత్తటి రాయికి రంగేసి అమ్మేవి ఎక్కువ. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే దూదికి నీలం అంటుతుంది. పైన మైనం పూత ఉంటే ఈ పరీక్ష తప్పుతుంది, అప్పుడు పూస రంధ్రం అంచును భూతద్దంతో చూడాలి. పగుళ్లలో రంగు పేరుకుని, లోపల తెల్లగా ఉంటే నకిలీ. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో హౌలైటు కాఠిన్యం 3.5, ఫిరోజాది 5 నుంచి 6.

వైద్యానికి వస్తే, ‘యు విషాన్ని, కాలేయపు వేడిని పోగొడుతుంది’ అని టిబెటన్ వైద్య సంప్రదాయం చెబుతుంది. ‘రింఛెన్’ (అమూల్యమైన) మాత్రల్లో ఒకటైన 25 దినుసుల ‘రింఛెన్ యుఞింగ్’ మాత్ర కాలేయ జబ్బులకే ఇస్తారు. రాయిని ముడిగా నూరి వేయరు, ముందు ‘దుక్‌దోన్’ అనే విషశుద్ధి చేస్తారు. రింఛెన్ మాత్రను రాత్రి వేడినీళ్లలో నానబెట్టి మూతపెట్టి, తెల్లవారకముందే ఉంగరపు వేలితో కలిపి తాగమంటారు. రింఛెన్ వర్గంలో శుద్ధి చేసిన పాదరసం కలిసే మాత్రలూ ఉన్నాయి కాబట్టి, గర్భిణులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏ రింఛెన్ మాత్రా వేసుకోకూడదు.